లామినార్ ఫ్లో హుడ్: ఎలా పనిచేస్తుంది? ఎలా ఎంచుకోవాలి?

గంజాం జిల్లాలో వరిగడ్డిపై పుట్టగొడుగులు పెంచి జీవించే కుటుంబాలు అనేకం. వారికి కావలసిన విత్తనాన్ని తయారుచేసే చిన్న కేంద్రమొకటి నా పూర్వ విద్యార్థి ప్రారంభించాడు. గింజలను ఉడికించి, ప్రెషర్ కుక్కరులో శుద్ధిచేసి, సీసాలకెత్తాడు. పదిరోజులు తిరిగేసరికి సగానికి పైగా సీసాలకు పచ్చని బూజు పట్టింది. "మాస్టారూ, చేతులు స్పిరిటుతో తుడుచుకునే మూత తీశాను, తప్పెక్కడ జరిగింది?" అని అడిగాడు. తప్పు గదిలోని గాలిలో ఉంది.

మన కంటికి నిర్మలంగా తోచే గాలిలో బూజుల సిద్ధబీజాలు ఎల్లవేళలా తేలుతూనే ఉంటాయి. మూత తీసిన క్షణంలో ఒక్కటి పడినా చాలు, సీసా అంతా పాడవుతుంది. దీనిని నివారించే సాధనమే లామినార్ ఫ్లో హుడ్.

పనిచేసే విధానం

ఇందులోని ఫ్యాను గదిలోని గాలిని పీల్చి, ముందుగా ఒక ముతక వడపోత గుండా, తరువాత హెపా ఫిల్టరు గుండా పంపుతుంది. హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల రేణువులలో కనీసం 99.97 శాతాన్ని ఆపగలదు. ఈ పరిమాణాన్నే కొలమానంగా తీసుకోవడానికి కారణముంది. పెద్ద రేణువులు నేరుగా పోగులకు తగిలి చిక్కుకుంటాయి. అతి సూక్ష్మమైనవి బ్రౌనియన్ చలనం వలన అటూ ఇటూ కదలాడుతూ పోగులను తాకుతాయి. ఈ రెండింటికీ మధ్యవే తప్పించుకోజూస్తాయి. బూజు సిద్ధబీజాలు సాధారణంగా 2 మైక్రాన్లకు మించే ఉంటాయి కనుక సులభంగానే పట్టుబడతాయి.

వడగట్టిన గాలి సెకనుకు సుమారు 0.45 మీటర్ల వేగంతో, సుడులు లేకుండా, సమాంతరమైన పొరలుగా ఒకే దిశలో సాగుతుంది. నిలకడగా పారే కాలువ ఆకులను కొట్టుకుపోయినట్లు, ఇది ధూళిని బయటికి నెట్టివేస్తుంది. ఈ సూత్రంతో అమెరికాలోని శాండియా ప్రయోగశాలలో విల్లిస్ విట్‌ఫీల్డ్ 1960ల ఆరంభంలో ఆధునిక శుభ్రగదిని రూపొందించాడు.

రక్షణ ఎవరికి?

ఇది అతి ముఖ్యమైన ప్రశ్న. హుడ్ రక్షించేది లోపలి వస్తువునే గాని పనిచేసే మనిషిని కాదు. అడ్డంగా వీచే రకంలో గాలి నేరుగా మన ముఖం మీదికి వస్తుంది. ఒక కళాశాలలో మురుగునీటి బాక్టీరియా పళ్లేలను విద్యార్థులు ఇటువంటి హుడ్‌లో తెరవడం చూసి నేను భయపడ్డాను. రోగకారక క్రిములకు బయోసేఫ్టీ క్యాబినెట్, విషవాయువులకు ఫ్యూమ్ హుడ్ వాడాలి. రూపం ఒకేలా ఉన్నా ఈ మూడూ వేర్వేరు.

కొనేముందు

పుట్టగొడుగు విత్తనానికి, టిష్యూ కల్చర్ మొక్కలకు అడ్డంగా వీచే రకం అనువైనది. వెనుక స్థలం తక్కువైనా, ఎత్తైన పరికరాలు ఉంచవలసి వచ్చినా పైనుంచి కిందికి వీచేది మేలు. ఒక్కరు పనిచేయడానికి మూడు, నాలుగు అడుగుల వెడల్పు సరిపోతుంది. ఫిల్టరు పరీక్షా పత్రాన్ని, కొత్త ఫిల్టరు ధరను అడిగి తెలుసుకోండి. ఫిల్టరు పూడుకుపోవడాన్ని చూపే పీడనమాపకం ఉండాలి. ఐఎస్ఓ 5వ తరగతి అంటే ఘనమీటరు గాలిలో 0.5 మైక్రాన్లు, అంతకు మించిన రేణువులు 3,520 దాటరాదని అర్థం. కరెంటు పోతే రక్షణ కూడా పోతుంది. కావున ఇన్వర్టరు ఖర్చును కూడా లెక్కలో వేసుకోండి.

వాడేటప్పుడు

తలుపు, సీలింగు ఫ్యాను దరిదాపుల్లో హుడ్‌ను ఉంచరాదు. పనికి పదిహేను, ఇరవై నిమిషాల ముందే నడిపించి, బల్లను 70 శాతం ఆల్కహాలుతో తుడవాలి. అది పూర్తిగా ఆరనిదే దీపం వెలిగించరాదు. అతినీలలోహిత దీపం నీడ పడిన చోట పనిచేయదు, పైగా కళ్లకూ చర్మానికీ హానికరం. దానిని ఆర్పిన తరువాతే చేతులు పెట్టాలి. ఫిల్టరుకూ సీసాకూ మధ్య చేయి గాని వస్తువు గాని అడ్డు రాకూడదు.

చివరిగా ఒక సులభమైన పరీక్ష. అగార్ పళ్లేలను హుడ్‌లో అరగంట తెరచి ఉంచి, మూసి, కొద్దిరోజులు వెచ్చగా ఉంచండి. ఏదైనా మొలిస్తే లోపమున్నట్లే. నా విద్యార్థి హుడ్ కొన్నాక మొదట చేసింది ఇదే. లోపలి పళ్లేలు నిర్మలంగా మిగిలాయి. గదిలో ఉంచిన పళ్లెంలో మాత్రం అదే పచ్చని బూజు లేచింది.