ఫోను చిరునామా, ఇంటి చిరునామా

ఇంట్లో ఇంటర్నెట్ ఫోను పెట్టుకున్న స్నేహితులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మేం చేస్తే వెళ్తోంది గానీ, ఎవరైనా మాకు చేస్తే మోగదేం?" జవాబు కావాలంటే, మన ఫోను ఎక్కడుందో సర్వరుకి ఎలా తెలుస్తుందో చూడాలి.

పాతకాలపు టెలిఫోనుకి ఈ చిక్కు లేదు. గోడలోంచి వచ్చే తీగే దాని చిరునామా. ఇంటర్నెట్ ఫోనుకి ఉన్నది ఐపీ అడ్రసు. అది ఇవాళ ఒకటి, రేపు మరొకటి.

దీనికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, ఫలానా ఫోను ఫలానా ఐపీ దగ్గరే ఉంటుందని సర్వరు కాన్ఫిగరేషన్‌లో రాసిపెట్టెయ్యడం. ఇది సొంతింటి కాపురం. రెండోది రిజిస్ట్రేషన్. అద్దె ఇల్లు మారినప్పుడల్లా పోస్టుమేనుకి కబురు చెయ్యడం లాంటిది. 2002లో వచ్చిన సిప్ ప్రమాణం, ఆర్‌ఎఫ్‌సీ 3261, దీని పద్ధతి చెబుతుంది. ఫోను "నేనిక్కడున్నాను" అని రిజిస్టర్ సందేశం పంపుతుంది. సర్వరు సాధారణంగా 401 అని తిప్పికొట్టి, నువ్వే నువ్వని రుజువేమిటంటుంది. పాస్‌వర్డ్‌తో లెక్కకట్టిన జవాబు సరిపోతే, ఆ అడ్రసుని కొంత గడువు వరకు గుర్తుపెట్టుకుంటుంది. తరచుగా కనబడే గడువు 3600 సెకన్లు. అది తీరేలోగా ఫోను మళ్ళీ చెప్పుకోవాలి.

మోగని ఫోను రహస్యం ఇక్కడే ఉంది. రిజిస్ట్రేషన్ గంటసేపు చెల్లుతుంది. కానీ బయటివాళ్ళు లోపలికి రావడానికి మన రౌటరు తెరిచిన దారి అంతసేపు ఉండదు. యూడీపీ దారిని కనీసం రెండు నిమిషాలు తెరిచి ఉంచాలని 2007 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4787 అంటుంది. అంతకన్నా ముందే మూసేసే రౌటర్లూ ఉన్నాయి. మనం ఫోను చేస్తే దారి మళ్ళీ తెరుచుకుంటుంది కనక మన కాల్ వెళ్తుంది. అరనిమిషానికోసారి చిన్న పాకెట్ పంపే కీప్ అలైవ్ పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

మరి ఏది ఎక్కడ వాడాలి? కదలనివాటికి రాసిపెట్టడం, కదిలేవాటికి రిజిస్ట్రేషన్. మారని ఐపీలున్న రెండు ఆఫీసుల మధ్య ట్రంకుకి మొదటిదే హాయి. గడువులూ, పునరుద్ధరణలూ ఉండవు. ఆస్టరిస్క్ పాత సిప్ మాడ్యూల్లో ఈ తేడా హోస్ట్ అనే ఒక్క వరుసలో తేలిపోయేది. 2023లో వెర్షన్ 21తో ఆ మాడ్యూలుని తీసేశారు. ఇప్పటి పీజేసిప్‌లో కాంటాక్ట్ మనమే రాస్తే స్థిరం, ఖాళీగా ఉంచి ఎన్ని కాంటాక్టులు ఒప్పుకోవాలో చెబితే రిజిస్ట్రేషన్.

అమెరికాలో ఉన్నవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. రిజిస్ట్రేషన్ సర్వరుకి చెప్పేది ఐపీ అడ్రసు మాత్రమే, వీధీ ఇంటినంబరూ కాదు. అందుకే మామూలు టెలిఫోన్లతో కలిసే ఇంటర్నెట్ ఫోను కంపెనీలు 911 కోసం ఖాతాదారుల ఇంటి చిరునామా తీసుకోవాలని 2005లో ఎఫ్‌సీసీ ఆదేశించింది. తర్వాతి నిబంధనలు, వీలైనచోట స్థానాన్ని దానంతటదే తెలిసేలా చెయ్యమన్నా, ఖాతాలో రాసిన చిరునామా మీద ఆధారపడే ఫోన్లు ఇంకా ఉన్నాయి. న్యూజెర్సీ నుంచి టెక్సాస్‌కి మారి అడాప్టరు తగిలించగానే ఫోను తనంతట తను రిజిస్టరై మోగుతుంది. 911కి చేస్తే మాత్రం అంబులెన్సు పాత ఇంటికి బయల్దేరవచ్చు.

ఇల్లు మారితే ఫోను పనిచేస్తోంది కదా అని ఊరుకోకండి. ఖాతాలోకి వెళ్ళి ఆ ఒక్క చిరునామా మార్చండి. ఆ పని మీకోసం ఏ రిజిస్టర్ సందేశమూ చెయ్యదు.