విశ్వవిద్యాలయాలు - స్మార్ట్ బోధన

తరగతి గోడకు పెద్ద తెర, విద్యార్థి చేతికి చిన్న తెర సమకూడితే 'స్మార్ట్ బోధన' సిద్ధించినట్లేనని చాలామంది అభిప్రాయం. తెరలు అందులో సగం మాత్రమే. విద్యార్థి ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయినాడో, ఏ పాఠాన్ని రెండుసార్లు తిప్పి చూచినాడో కంప్యూటరు గుర్తుంచుకొంటుంది. ఆ వివరం చూచుకొని అధ్యాపకుడు మరునాటి పాఠాన్ని సవరించుకొంటాడు. ఈ రెండవ సగం లోపిస్తే నల్లబల్లకు మారుగా వెలుగుబల్ల వచ్చినదనుకోవలసిందే.

ఈ పద్ధతిని మన ఉత్తర తెలంగాణము తొలిదశలోనే చూచినది. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం నూజివీడు, ఇడుపులపాయలతోపాటు బాసరలోనూ వెలసినది. బాసర అప్పుడు ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016 నుండి నిర్మల్ జిల్లాలోనిది. పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులకు ఆరేండ్ల చదువు అక్కడ. ట్యూరింగ్ పురస్కార గ్రహీత, కాటూరు గ్రామంలో జన్మించిన రాజ్ రెడ్డి తొలి కులపతి. ప్రతి విద్యార్థికీ ఒక లాప్‌టాప్ ఇచ్చి, పాఠాలను ఆవరణలోని కంప్యూటర్ల ద్వారా అందించి, సందేహాలు తీర్చడానికి తరగతిలో 'మెంటరు'ను నియమించినారు.

ఈ మెంటరు ఏర్పాటు చాలా తెలివైనదని నా అభిప్రాయం. ఆ ఆవరణకు కొద్ది దూరంలోనే సరస్వతీదేవి ఆలయంలో పసిపిల్లలకు తొలి అక్షరం చేయి పట్టుకొని దిద్దిస్తారు. రేడియోలో పనిచేసే మాకు ఆ చేయి విలువ బాగా తెలుసు. ఎంత చక్కగా చెప్పినా, వినేవారి కనుబొమలు ముడివడినవో లేదో మైక్రోఫోను ముందున్న మనిషికి కనబడదు. 1982లో హైదరాబాదులో నెలకొన్న సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆకాశవాణి ద్వారా పాఠాలు వినిపించినా, అధ్యయన కేంద్రాలలో ముఖాముఖి తరగతులను మానలేదు.

2022 జూన్‌లో బాసర విద్యార్థులు దాదాపు వారం రోజులు ఆందోళన చేసినారు. శాశ్వత ఉపకులపతి, చాలినంతమంది అధ్యాపకులు, మంచి భోజనం, వసతి కావాలన్న కోరికల మధ్య లాప్‌టాప్‌లు, కంప్యూటరు ఆధారిత బోధన కూడ ఉన్నవి. ఏది పునాదిగా ఆ సంస్థ వెలసినదో దానినే పదునాలుగేండ్లకు కోరవలసి వచ్చినది! లాప్‌టాప్ కొన్నేండ్లకే ముసలిదవుతుంది. బ్యాటరీ అంతకన్న ముందే నీరసిస్తుంది. కొనుగోలుకు ఒకసారి ధనం దొరకవచ్చును. మరమ్మతుకూ, మార్పిడికీ ఏటేటా దొరకవలెను. సాంకేతిక నిపుణుడు ఆవరణలోనే ఉండి, చెడిన యంత్రాన్ని ఆనాడే బాగుచేయవలెను.

కరీంనగరం సంగతి వేరు. అదే 2008లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయానికి అనుబంధ కళాశాలలు అనేకం. పల్లె నుండి బస్సులో వచ్చిపోయే విద్యార్థికి ఉన్న యంత్రం సెల్‌ఫోను, అదీ ఒక్కొక్క ఇంట అన్నదమ్ములకు ఉమ్మడి. గంటసేపు నడిచే వీడియో అతనికి బరువు. కళాశాలలో ఉన్నప్పుడే దింపుకొని, తిరుగు ప్రయాణంలో వినదగిన పది నిమిషాల పాఠం, చివర నాలుగు ప్రశ్నలు అతనికి ఉపకరిస్తవి. ఉట్నూరు, ఆసిఫాబాదు ప్రాంతాలలో గోండీ, కోలామీ మాతృభాషలైన విద్యార్థులకు తెలుగే రెండవ భాష, ఇంగ్లీషు మూడవది. పారిభాషిక పదాలను తెలుగులో విప్పి చెప్పే గొంతు లేనిదే ఆ పాఠం వారికి అందదు.

'స్వయం' వేదికమీది పాఠాల ద్వారా నలుబది శాతం వరకు క్రెడిట్లు పొందడానికి 2021లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం అవకాశమిచ్చినది. మంచిదే. కాని బయటి పాఠాలు ఎన్ని వచ్చినా, వాటిని మన విద్యార్థికి తగినట్లు మలచవలసినవాడు ఇక్కడి అధ్యాపకుడే. పది నిమిషాల ప్రసంగం వ్రాయడానికి మాకు ఒక్కొక్కప్పుడు రెండు రోజులు పడుతుంది. అధ్యాపకునికి వారపు బోధన గంటలు ఏమాత్రం తగ్గించకుండా పాఠాలు తయారుచేయుమనడం, విద్యార్థుల తప్పులను సాయంత్రం పరిశీలించుమనడం న్యాయం కాదు. ఆ పనిని కూడ బోధనగానే లెక్కించి, కాలపట్టికలో దానికి గంటలు కేటాయించవలెను. ఖాళీగా ఉన్న అధ్యాపక పదవులు నింపితేనే ఆ గంటలు దొరుకుతవి.