గోడమీది హార్లెం: ఒక మ్యూజియం, రెండు ప్రదర్శనలు

కవితా సంకలనం చేతికొస్తే మనం ముందు విషయసూచిక చూస్తాం. ఎవరున్నారు, ఎవరు లేరు, ముందుమాట ఎవరు రాశారు అని లెక్క తీస్తాం. ఆ లెక్కల మీద మన పత్రికల్లో నెలల తరబడి వాదోపవాదాలు నడిచిన సంగతి ఈ పాఠకులకు కొత్త కాదు. చిత్రకళా ప్రదర్శన దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎందుకో ఆ చూపు మొద్దుబారిపోతుంది. బొమ్మలు బాగున్నాయనో, అర్థం కాలేదనో చెప్పుకుని బయటపడతాం. ప్రదర్శన కూడా ఒక సంకలనమేననీ, దానికీ సంపాదకుడుంటాడనీ, ఆ సంపాదకుణ్ణి నియమించిన సంస్థకు ఒక వర్గ స్వభావం ఉంటుందనీ గుర్తుకు రాదు. ఈ విషయాన్ని వివరించడానికి నేను న్యూయార్క్ నగరంలోని మెట్రోపాలిటన్ మ్యూజియంను ఎంచుకుంటున్నాను. ఒకే ఇతివృత్తం మీద యాభై అయిదేళ్ల ఎడంతో అక్కడ జరిగిన రెండు ప్రదర్శనలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలా సంగతులు తేటపడతాయి.

ముందు సంస్థ గురించి రెండు మాటలు. 1870లో స్థాపితమైన ఆ మ్యూజియం భవనం నగరానిది. లోపలి కళాసంపద, దాని మీద పెత్తనం ట్రస్టీలవి. ఆ ట్రస్టీలు మొదటినుంచీ ఎక్కువగా బాంకర్లూ, వ్యాపారస్తులూ, లాయర్లూ. అలాంటి సంస్థలో ప్రదర్శనలు రెండు రకాలు. శాశ్వతంగా గోడల మీద ఉండేవి ఒకటి, కొన్ని నెలలు నడిచి ముగిసేవి రెండు. 'ఇప్పుడు నడుస్తున్నవి', 'రాబోయేవి' అని మ్యూజియం ప్రకటించే జాబితా రెండో రకానిది. ఇందులో ఒక్కొక్క ప్రదర్శన వెనక ఏళ్ల తరబడి పని ఉంటుంది. ఇతివృత్తం నిర్ణయించాలి. ఇతర మ్యూజియంలనుంచీ, సొంతదారులనుంచీ బొమ్మలు అరువు అడగాలి. భీమా చేయించాలి, రవాణా చూడాలి, ఏ గోడ మీద ఏది రావాలో తేల్చాలి, ప్రతి బొమ్మ పక్కనా నాలుగు వాక్యాల చీటీ రాయాలి. ఆ నాలుగు వాక్యాలే చాలామంది ప్రేక్షకులకు విమర్శ, చరిత్ర, వ్యాఖ్యానం అన్నీ. ప్రదర్శన ముగియగానే అరువు తెచ్చిన బొమ్మలు ఇళ్లకు వెళ్లిపోతాయి. సంస్థ దేన్ని కొని ఉంచుకుందో అదే దాని నిజమైన అభిప్రాయం.

మొదటి ప్రదర్శన 1969 జనవరిలో తెరిచారు. పేరు 'హార్లెం ఆన్ మై మైండ్'. 1900 నుంచి 1968 వరకు హార్లెం నల్లజాతి ప్రజల సాంస్కృతిక రాజధానిగా ఎలా ఎదిగిందో చూపడం ఉద్దేశం. అంతకు తొమ్మిది నెలల ముందే మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది, నగరాలు భగ్గుమన్నాయి. మ్యూజియంకు కొత్త డైరెక్టర్‌గా వచ్చిన థామస్ హోవింగ్ ఆ వేడిలో తన సంస్థ తలుపులు నగర ప్రజలకు తెరవాలనుకున్నాడు. ఉద్దేశాన్ని శంకించనక్కర్లేదు. కూర్పు బాధ్యత అలన్ షోనర్ అనే తెల్లజాతి కూర్పరికి అప్పగించారు. అతను దశాబ్దాల వారీగా గదులు విభజించి, గోడలంత పెద్దవిగా ఫోటోలు పెంచి, స్లైడులు, పత్రికల కత్తిరింపులు, రికార్డు చేసిన శబ్దాలు జోడించి ఒక మహా దృశ్యాన్ని నిర్మించాడు.

అంతా ఉంది. ఒక్కటి లేదు. హార్లెం చిత్రకారులు గీసిన బొమ్మగానీ, చెక్కిన శిల్పంగానీ అందులో లేదు.

దేశంలోనే పేరుమోసిన చిత్రకళా మ్యూజియంలో, సంస్కృతి గురించి జరిగే ప్రదర్శనలో, ఆ సంస్కృతిని రంగుల్లోకి తెచ్చినవాళ్లకు చోటు లేదన్నమాట. వాళ్లు లేక కాదు. రొమేర్ బియర్డెన్, నార్మన్ లూయిస్, జేకబ్ లారెన్స్ అప్పటికి బతికి పనిచేస్తున్నారు. లారెన్స్ 1941లోనే దక్షిణాది పల్లెలనుంచి ఉత్తరాది నగరాలకు నల్లవారు సాగించిన వలసను అరవై బొమ్మల వరుసగా గీశాడు. ఆయన 'పూల్ పార్లర్' చిత్రాన్ని ఈ మెట్రోపాలిటన్ మ్యూజియమే 1942లో కొన్నది. అంటే తన ఇంట్లో ఉన్న బొమ్మను తనే పక్కనబెట్టి, వీధి ఫోటోలతో గోడలు నింపింది. ఇది కళా ప్రదర్శన కాదు, సామాజిక చరిత్ర అని నిర్వాహకులు సమాధానం చెప్పారు. ఆ సమాధానంలోనే అసలు విషయం ఉంది. రెంబ్రాంట్ కాలపు హాలెండుకు కళ ఉంటుంది, హార్లెంకు సామాజిక పరిస్థితులుంటాయి! తెలుగులో దళితుల రచనలను, స్త్రీల రచనలను 'అనుభవ కథనాలు'గా మెచ్చుకుని శిల్పం గురించి ఒక్క ముక్క ఎత్తని సమీక్షకులను ఎరిగినవాళ్లకు ఈ తర్కం పరిచితమే. కొందరు జీవితాన్ని సరఫరా చేయాలి, దాన్ని కళగా మలిచే పని మరికొందరిది.

నల్లజాతి చిత్రకారులు మ్యూజియం మెట్ల ముందు ప్లకార్డులతో నిలబడ్డారు. బెన్నీ ఆండ్రూస్, క్లిఫ్ జోసెఫ్ మొదలైనవారు ఆ జనవరిలోనే 'బ్లాక్ ఎమర్జెన్సీ కల్చరల్ కోయలిషన్' అనే సంఘం పెట్టారు. వాళ్ల కోర్కెలు దయాదాక్షిణ్యాలకు సంబంధించినవి కావు. నిర్ణయాలు చేసే స్థానాల్లో నల్లవారిని నియమించాలన్నారు, వారి కళను కొనాలన్నారు, ప్రదర్శించాలన్నారు. సంకలనంలో ఒక కవిత చేర్చమని అడగడం వేరు, సంపాదకవర్గంలో చోటడగడం వేరు.

ఈలోగా గొడవ మరో దారి పట్టింది. కేటలాగు ముందు భాగంలో ఒక హైస్కూలు విద్యార్థిని వ్యాసం వేశారు. నల్లవారికీ, యూదులకూ మధ్య ఉన్న వైషమ్యం గురించి ఆ అమ్మాయి రాసిన వాక్యాలు యూదు వ్యతిరేకమైనవని నగరం అట్టుడికింది. మేయరు ఖండించాడు. చివరికి కేటలాగును ఉపసంహరించుకున్నారు. తీరా చూస్తే ఆ వాక్యాల మూలం 1963లో ఇద్దరు పేరున్న సామాజిక శాస్త్రజ్ఞులు, నేథన్ గ్లేజర్, డేనియల్ మొయినిహన్ రాసిన గ్రంథం. కొటేషన్ గుర్తులు, పాదసూచికలు తీసేసి సొంత మాటల్లో రాయమన్నది సాక్షాత్తూ షోనరే. బడిపంతుల్ని కనుక నాకీ ఘట్టం దగ్గర మనసు చివుక్కుమంటుంది. పెద్దల పుస్తకంలో పరిశోధన అనిపించుకున్నది పిల్ల నోట విద్వేషం అయింది. దిద్దవలసినవాడే తప్పు చేయించాడు, తిట్లు ఆ పిల్ల తిన్నది.

ఆ ప్రదర్శన వల్ల మేలు జరగలేదా? జరిగింది. జేమ్స్ వాన్ డెర్ జీ లోకానికి తెలిశాడు. 1886లో పుట్టిన ఈయన హార్లెంలో అర్ధశతాబ్దం స్టూడియో నడిపాడు. పెళ్లిళ్లు, చావులు, క్లబ్బులు, మార్కస్ గార్వీ ఊరేగింపులు అన్నీ తీశాడు. ప్రదర్శనకు ప్రాణం పోసినవి ఆయన ఫోటోలే. కానీ వాటిని ఏ హోదాలో పెట్టారో చూడండి. చరిత్రకు సాక్ష్యంగా పెట్టారు. నిజానికి వాన్ డెర్ జీ చేసింది ఉన్నదున్నట్టు చూపడం కాదు. వెనక రంగుల తెర కట్టేవాడు, కుర్చీ ఎక్కడుండాలో, చెయ్యి ఎలా వాలాలో నిర్ణయించేవాడు, నెగెటివ్ మీద చేత్తో దిద్దేవాడు, అవసరమైతే రెండు నెగెటివ్‌లు కలిపి లేని బిడ్డను ఫోటోలోకి తెచ్చేవాడు. మన ఊళ్ల పాత స్టూడియోల్లో తెర ముందు బిగుసుకుని నిలబడ్డ తాతముత్తాతల ఫోటోలు చూసినవారికి ఆ తెరలో ఎంత కోరిక దాగుందో తెలుసు. పేదరికమూ అవమానమూ వీధిలో ఉంటే, స్టూడియోలోకి వచ్చినవాడు తనను తాను ఎలా చూడగోరాడో అలా చూపడం వాన్ డెర్ జీ కళ. కూర్పరులకు ఆ కోరిక కనపడలేదు, దుస్తుల వివరాలు కనపడ్డాయి. ఫోటోలు మ్యూజియంలో గోడలంత ఎత్తున వెలిగిన ఆ 1969లోనే ఆ ముసలి దంపతులను హార్లెంలోని ఇంట్లోంచి ఖాళీ చేయించి సామాను బయట పెట్టారు.

తర్వాతి పోరాటాలు చాలా ఉన్నాయి. 1971లో విట్నీ మ్యూజియం నల్లజాతి కళాకారుల ప్రదర్శన పెట్టి, నల్లజాతి నిపుణులతో సంప్రదించలేదన్న కారణంగా పదిహేనుమంది కళాకారులు అందులోంచి తప్పుకున్నారు. అదొక్కటి చెప్పి ముందుకు పోతాను.

2024 ఫిబ్రవరి నుంచి జూలై వరకు అదే మెట్రోపాలిటన్ మ్యూజియంలో 'హార్లెం రినైసాన్స్ అండ్ ట్రాన్సట్లాంటిక్ మోడర్నిజం' అన్న ప్రదర్శన జరిగింది. కూర్పరి డెనీస్ మరెల్ నల్లజాతి కళాచరిత్రకారిణి. సుమారు 160 కృతులు. ఏరన్ డగ్లస్, ఆర్చిబాల్డ్ మోట్లీ, విలియం హెచ్. జాన్సన్, లారా వీలర్ వేరింగ్, అగస్టా సావేజ్ అందరూ ఉన్నారు. వాన్ డెర్ జీ ఫోటోలూ ఉన్నాయి, ఈసారి కళగా. వీటిలో చాలా కృతులు ఎక్కడినుంచి వచ్చాయి? హోవర్డ్, ఫిస్క్, హాంప్టన్ వంటి నల్లజాతి విశ్వవిద్యాలయాల భాండాగారాలనుంచి. నగర మ్యూజియంలు తలుపులు వేసుకున్న దశాబ్దాల్లో బీద కళాశాలలు ఈ బొమ్మలు కొని, అడిగి తెచ్చుకుని కాపాడాయి. కాపాడేవాళ్లు లేనివి పోయాయి. 1939 ప్రపంచ ప్రదర్శన కోసం అగస్టా సావేజ్ చేసిన 'ది హార్ప్' శిల్పాన్ని, కంచులో పోత పోయించడానికి, దాచడానికి డబ్బు లేక, ప్రదర్శన ముగిశాక పగలగొట్టేశారు. నల్లజాతి పాటగాళ్లు వీణ తంత్రుల్లా నిలబడిన ఆ శిల్పం ఇవాళ ఫోటోల్లోనే మిగిలింది.

సాహిత్య విద్యార్థులు గమనించవలసింది ఇంకొకటుంది. హార్లెంలో కవులూ చిత్రకారులూ వేరువేరు గదుల్లో లేరు. అలెన్ లాక్ 1925లో తెచ్చిన 'ది న్యూ నీగ్రో' సంకలనానికి బొమ్మలు వేసినవాళ్లలో డగ్లస్ ఒకడు. 1926లో ఒక్క సంచికతో ఆగిపోయిన 'ఫైర్' పత్రికకు ముఖచిత్రమూ ఆయనదే. లాంగ్‌స్టన్ హ్యూస్‌ను మనం చాలాకాలంగా చదువుతున్నాం గానీ, ఆయన పక్కనే కూర్చుని కుంచె పట్టినవాళ్ల పేర్లు మనకు తెలియవు.

ప్రదర్శనతో నాకు ఒక పేచీ ఉంది. పేరులోనే ఉన్న 'అట్లాంటిక్ ఆవలి' సంబంధాన్ని చూపడానికి మతీస్, మంక్, పికాసో బొమ్మలు కొన్ని పక్కన పెట్టారు. ఈ చిత్రకారుల్లో చాలామంది యూరపులో ఉండి నేర్చుకున్నవారు గనుక అది చారిత్రకంగా నిజమే. అయినా మన భావకవిని 'ఆంధ్రా షెల్లీ' అంటే తప్ప తృప్తిపడని మన అలవాటు నాకు గుర్తొచ్చింది. డగ్లస్ గోడచిత్రాలను అర్థం చేసుకోవడానికి పారిస్‌తో పాటు అలబామా పత్తిచేలూ కావాలి. ఆ రెండో దారి ఈ కూర్పులో కొంచెం సన్నబడింది.

ఇక నిలిచేదేమిటి? 2021లో మెట్రోపాలిటన్ మ్యూజియం, స్టూడియో మ్యూజియం ఇన్ హార్లెం కలిసి వాన్ డెర్ జీ భాండారాన్ని భద్రపరిచాయి. అందులో సుమారు 20,000 ప్రింట్లు, 30,000 నెగెటివ్‌లు ఉన్నాయి. ఆధునిక కళకు కొత్త విభాగం కట్టి 2030లో తెరవాలని మెట్రోపాలిటన్ సంకల్పించింది. అక్కడి శాశ్వత గోడల మీద ఎవరెవరు వేలాడతారో చూడాలి. ఇక స్టూడియో మ్యూజియం. పెద్ద మ్యూజియం హార్లెంను ఫోటోల్లో చూపడానికి నాలుగు నెలల ముందు, 1968 సెప్టెంబరులో, హార్లెంలోనే ఒక అద్దె మేడమీద మొదలైంది. మొట్టమొదట టామ్ లాయిడ్ రంగు దీపాల శిల్పాలు పెట్టారు. వెలుగుతూ ఆరే ఆ బల్బుల్లో నల్లజాతి జీవితం ఎక్కడుందని అప్పుడే కొందరు అడిగారు. 2025 నవంబరులో కొత్త సొంత భవనం తెరిచినప్పుడు, ప్రారంభ ప్రదర్శనల్లో మళ్లీ ఆ టామ్ లాయిడ్ దీపాలనే వెలిగించారు.