రైతు కాపురమునకు తగిన మార్కెట్టు పట్టణము

గ్రామమున భూమి యుంచుకొని, కాపురమును మాత్రము సమీపమునందలి పట్టణమునకు మార్చుకొనవలెనను తలంపు నేడు మన సభ్యులలో పెక్కుమందికి గలదు. పిల్లల చదువు, పెద్దల వైద్యము, పంటకాలమున యార్డునకు చేరువగా నుండుట, ఇవి దానికి ముఖ్య కారణములు. ఈ తలంపు తప్పని మేము చెప్పము. కాని ఏ పట్టణము తగునో విచారింపక, ఊరి పేరును బట్టియో, బంధువులున్నారనియో ఇల్లు ఎత్తివేసినచో, పొలము దూరమై, అమ్మకమునందు లాభము లేక, రెంటికి చెడిన రేవడి వలె నగును. కావున ఆ విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట లెక్క వేసికొనవలెను

పట్టణమున నున్నచో ధర బాగుగా వచ్చునని యాశపడువారు ముందుగా కాగితముమీద లెక్క వేసికొనవలెను. నాలుగెకరముల వరి గల రైతు నొకని ఉదాహరణగా తీసికొందము. ఎకరమునకు 30 బస్తాలు, బస్తాకు 75 కిలోలు చొప్పున అతనికి 120 బస్తాలు, అనగా 90 క్వింటాళ్లు పండినవనుకొందము. పట్టణవాసము వలన క్వింటాలునకు 100 రూపాయలు అధికముగా వచ్చినను ఆ లాభము 9,000 రూపాయలే. ఇంటి అద్దె నెలకు 5,000 రూపాయలయినచో సంవత్సరమునకు 60,000 రూపాయలగును. కావున ధర కొఱకే కాపురము మార్చుట లెక్కకు నిలువదు. ఆ లాభములో మంచిభాగము ఊరు కదలకయే సంపాదింపవచ్చును. ధాన్యమును తేమ 17 శాతమునకు మించకుండ ఆరబెట్టి, నలుగురు సభ్యులు కలిసి ఒకే లారీకి ఎత్తి, సంఘము మూలమున అమ్ముకొనుటయే దానికి మార్గము.

పట్టణవాసము గిట్టుబాటు కావలెనన్న వేఱు ప్రయోజనములు తోడు కావలెను. పిల్లలు ఇంటినుండియే కళాశాలకు పోవుటచే హాస్టలు ఖర్చు తప్పుట యొకటి. ఇంటిలో నొకరికి ఏడాది పొడుగున పని దొరకుట రెండవది. తఱచు ఆసుపత్రికి పోవలసిన వారికి ప్రయాణపు బాధ తగ్గుట మూడవది. ఈ మూడింటికిని రైలుతో గట్టి సంబంధము గలదు.

సరకునకు రోడ్డు, మనిషికి రైలు

పూర్వము స్టేషను ఎచ్చట వెలసిన అచ్చట బజారు పెరిగెడిది. నేడు ధాన్యము, పసుపు, మిరప చాలవఱకు ట్రాక్టర్లమీదను లారీలమీదను యార్డులకు చేరుచున్నవి. 2020 ఆగస్టు 7వ తేదీన దేవ్‌లాలీ నుండి దానాపూరునకు మొదటి కిసాన్ రైలు నడచెను. ఆ సెప్టెంబరు 9వ తేదీన మన అనంతపురము నుండి ఢిల్లీకి పండ్లతో మఱియొకటి బయలుదేరెను. అట్టి బండ్లు నడచునపుడు నలుగురు కలిసి వాడుకొనదగినవే. కాని చిన్న రైతు వానిని నమ్మి కాపురమునకు ఊరిని ఎంచుకొనరాదు.

రైలు నేడు సామాన్య రైతునకు చేయు ముఖ్యోపకారము, మనిషిని తక్కువ ఖర్చుతో దినదినము తీసికొనిపోయి తిరిగి చేర్చుట. 150 కిలోమీటర్ల దూరము వఱకు నెలసరి సీజను టిక్కెట్టు దొరకును. అది అన్ని ఎక్స్‌ప్రెస్సులలోను చెల్లదు గనుక, ఏ బండ్లలో చెల్లునో ముందుగా స్టేషనులో అడిగి తెలిసికొనవలెను.

కావున పట్టణముమీదుగా ఎన్ని బండ్లు పోవుచున్నవని చూచుట కాదు, ఎన్ని ఆగుచున్నవో, ఏ వేళకు ఆగుచున్నవో చూడవలెను. తెల్లవారుజామున పొలమునకు చేర్చు బండియొకటి, ప్రొద్దు గ్రుంకిన తరువాత ఇంటికి చేర్చు బండియొకటి కావలెను. ఆ రెండును పట్టణమునందేగాక పొలము చెంతనున్న చిన్న స్టేషనులో కూడ ఆగవలెను. అవి లేనిచోట ఎన్ని మెయిళ్లు పరుగెత్తినను రైతునకు ప్రయోజనము లేదు.

బండి నేడున్నట్లు రేపును ఉండునని కూడ తలంపరాదు. 2020 మార్చిలో ప్రయాణికుల బండ్లన్నియు నిలిచిపోయెను. తిరిగి మొదలయినపుడు పెక్కు ప్యాసింజర్లకు ఎక్స్‌ప్రెస్సు ఛార్జీ వసూలు చేసిరి. పాత ఛార్జీలు 2024 ఫిబ్రవరిలో గాని మరల రాలేదు. కావున రైలుతోబాటు మంచి బస్సుదారియు గల పట్టణమునే కోరుకొనవలెను. అట్లే రెండవ రైలుదారి గల జంక్షను మేలు. 2024 సెప్టెంబరు మొదట వచ్చిన వానలకు కేసముద్రము వద్ద కట్ట కొట్టుకొనిపోయి కాజీపేట - విజయవాడ దారి తెగెను. అపుడు కొన్ని బండ్లను గుంటూరు, పగిడిపల్లి మీదుగా మళ్లించిరి. ఒకే దారి గల ఊరికి అట్టి వెసులుబాటు ఉండదు.

తెనాలి ప్రాంతపు ఉదాహరణము

వేమూరు, భట్టిప్రోలు ప్రాంతములందు భూమి గల రైతునకు నాలుగు పట్టణములు తలంపునకు వచ్చును: రేపల్లె, దుగ్గిరాల, గుంటూరు, తెనాలి.

రేపల్లె పొలమునకు చేరువ. కాని తెనాలినుండి వచ్చు శాఖ అచ్చటితో ముగియును. రైలున ఎచ్చటికి పోవలెనన్నను మొదట తెనాలికి రావలసినదే.

దుగ్గిరాల పసుపు యార్డునకు ప్రసిద్ధి కెక్కినది. విజయవాడ - చెన్నై ముఖ్యమార్గముమీదనే యున్నది. కాని ఎక్స్‌ప్రెస్సులలో పెక్కు అచ్చట ఆగక సాగిపోవును. పసుపే ప్రధానముగా పండించువారికి తగును గాని, కళాశాలకు, ఆసుపత్రికి నిత్యము తిరుగవలసిన కుటుంబమునకు అంత అనుకూలము కాదు.

గుంటూరు మిరప యార్డు దేశమున మిక్కిలి పెద్దవానిలో నొకటి. శీతల గిడ్డంగులు, పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి, వైద్య కళాశాల అచ్చట గలవు. కాని అది నగరము. అద్దెలు హెచ్చు. స్టేషనొక మూల, యార్డొక మూల నుండుటచే ఆటో ఖర్చు తోడగును. మిరప లేని డెల్టా రైతునకు ఆ యార్డు వలన ఉపయోగము స్వల్పము.

తెనాలి ముఖ్యమార్గముమీది జంక్షను. విజయవాడ వైపునకు, చీరాల మీదుగా చెన్నై వైపునకు, గుంటూరునకు, రేపల్లెకు నాలుగు దిక్కులకును దారులు గలవు. పొలమునకు పోవలెనన్న రేపల్లె బండి, చదువునకు గుంటూరు లేక విజయవాడ బండి. నిమ్మకాయల బజారు కూడ ఆ పట్టణమున పేరు పొందినది. వేమూరు ప్రాంతపు వరి, మినుము రైతునకు, అనుకూలమయిన వేళకు రేపల్లె బండ్లు దొరకినంతవఱకు, తెనాలియే మేలని మా అభిప్రాయము.

ఇతర ప్రాంతములవారును ఇదే పద్ధతిని విచారింపవచ్చును. ప్రత్తి రైతునకు ఆదోని గాని జమ్మికుంట గాని, బెల్లము రైతునకు అనకాపల్లి గాని, పంటయు రైలును కలిసివచ్చు పట్టణములు. ఆదోని ముంబై - చెన్నై దారిమీదను, జమ్మికుంట కాజీపేట - బల్హార్షా దారిమీదను, అనకాపల్లి విజయవాడ - విశాఖపట్టణము దారిమీదను ఉన్నవి. అయినను ఆగు బండ్ల వేళలు చూడకుండ వీనిలో దేనినిగూడ ఎంచుకొనరాదు.

యార్డును పరీక్షించు విధము

1933వ సంవత్సరపు మద్రాసు వాణిజ్యపు పంటల మార్కెట్ల చట్టము మొదలు 1966వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టము వఱకు, ఈ చట్టముల ఉద్దేశము కాటాలో మోసమును, అక్రమపు కోతలను అరికట్టుటయే. 2016 ఏప్రిల్ 14వ తేదీన ప్రారంభమయిన ఈ-నామ్ విధానము దూరపు వర్తకులను గూడ వేలమునకు తెచ్చుటకు ఏర్పడినది. ఇవన్నియు ఏ యార్డున ఎంతవఱకు అమలగుచున్నవో కంటితో చూడవలెను. అమ్మకపు రోజున పోయి ఒక పూట నిలిచి చూడుడు. కాటా రైతు కంటికి కనబడుచున్నదా? తరుగు పేర బస్తాకు ఎంత తీయుచున్నారు? లెక్క తెల్లచీటీమీద వ్రాయుచున్నారా, అచ్చు రసీదు ఇచ్చుచున్నారా? సొమ్ము ఎన్ని దినములకు చేతికి వచ్చుచున్నది? అమ్ముకొని పోవుచున్న రైతునే అడిగిన నిజము తెలియును. ధర పడిపోయినపుడు సరకు నిలువచేసి, 2007వ సంవత్సరపు గిడ్డంగుల చట్టము క్రింద గుర్తింపు గల గోదాములో రసీదు పొంది, దానిపై అప్పు తీసికొను వసతి గలదేమో కూడ విచారింపవలెను.

వదలుకొనరానివి

పట్టణమునకు పోవువారు పొలము అమ్మి ఇల్లు కొనరాదు. మొదటి సంవత్సరము అద్దెయింట నుండవలెను. నాట్లు మొదలు నూర్పుల వఱకు ఒక పూర్తి పంటకాలము గడచినగాని ఆ ఊరు తనకు తగునో తగదో తేలదు. వానాకాలమున రాత్రి బండి దిగి ఇల్లు చేరుట ఎట్లుండునో ఎండకాలమున చూచి నిర్ణయింపజాలము.

చిరునామా మార్చుటకు ముందు మన సంఘపు నియమావళిని చదువవలెను. పరిధి వెలుపల కాపురమున్నచో సభ్యత్వము, ఓటు, పంట ఋణము ఏమగునో కార్యదర్శిని అడిగి, సమాధానమును వ్రాతమూలముగా తీసికొనవలెను. కౌలుకిచ్చి పోవువారు కౌలు కాగితము వ్రాయించుకొనక నోటిమాటతో పోరాదు. అది ఇరుపక్షములకును క్షేమము.

కాపురము మారినను వాటా మారరాదు. పట్టణమున నున్న సభ్యుడు యార్డు ధరలను దినదినము తెలిసికొని సంఘమునకు తెలియజేయగలడు. గ్రామమున నున్నవారు సరకును ఒకచోట కూర్చగలరు. ఈ యిరువురును కలిసి పనిచేసినచో, ఒక్కనికి గిట్టని ప్రయాణము పదిమందికి గిట్టును. పట్టణమునకు పోవ నిశ్చయించిన సభ్యులు ఆ సంగతిని రాబోవు సర్వసభ్య సమావేశమున తెలియజేసి, తమవలన సంఘమునకు కాగల సాయమును గూర్చి కూడ మాటలాడవలసినదని కోరుచున్నాము.