అర్ధరాత్రికే ఆరిపోతున్న కల్లం దీపం
తప్పు బ్యాటరీది కాదు, లోపలి వైరింగుది

ఫాల్గుణం వచ్చిందంటే మిరప రైతుకు కంటి మీద కునుకుండదు. పల్నాడులోనైనా, ఖమ్మం పల్లెల్లోనైనా కోసిన కాయ కల్లంలో ఆరుతున్నన్నాళ్లూ ఎవరో ఒకరు రాత్రి అక్కడ పడుకోవలసిందే. అకాల వాన వస్తే పట్టాలు కప్పాలి. దొంగల భయం సరేసరి. చాలా కల్లాల దగ్గర కరెంటు ఉండదు కనుక మందు కొట్టే స్ప్రేయరు బ్యాటరీకే ఒక ఎల్.ఇ.డి. దీపం తగిలించుకుంటారు.

చిక్కల్లా ఆ దీపం తెల్లవార్లూ నిలవకపోవడమే. సాయంత్రం ఏడింటికి వేస్తే అర్ధరాత్రి దాటగానే గుడ్డిదవుతుంది. మర్నాడు రైతు బ్యాటరీని సంచిలో వేసుకుని మండల కేంద్రంలోని రిపేరు షాపుకు వెళతాడు.

"బ్యాటరీ పోయిందిరా అబ్బాయ్, కొత్తది వెయ్యి" అంటాడు.

"ముందు దీపం చూపించు బాబాయ్" అనే మెకానిక్ దొరికితే ఆ రైతు అదృష్టవంతుడే. కొత్త బ్యాటరీ అమ్ముకుంటే షాపుకే లాభం కదా!

మూడు వంతులు వేడికే

దీపం మూత విప్పితే గోరంత ఎల్.ఇ.డి.లు 36 కనిపిస్తాయి. తెల్ల ఎల్.ఇ.డి. ఒక్కొక్కటీ సుమారు 3 వోల్టులు తీసుకుంటుంది. బ్యాటరీ 12 వోల్టులది. తిన్నగా కలిపితే ఎల్.ఇ.డి. మాడిపోతుంది. అందుకని దారిలో రెసిస్టరు పెట్టి మిగతా 9 వోల్టులు దాని మీద పడేటట్టు చేస్తారు. కాలువ నీటి జోరు తగ్గించడానికి తూము బిగించినట్టన్న మాట. అయితే ఆ 9 వోల్టులూ వెలుగు కావు. రెసిస్టరును వేడెక్కించి గాలిలో కలిసిపోతాయి.

చౌకగా చేసిన కొన్ని దీపాల్లో ప్రతి ఎల్.ఇ.డి.కీ ఇలా ఒక రెసిస్టరు విడివిడిగా ఉంటుంది. ఒక్కో దానికి 20 మిల్లీ ఆంపియర్ల చొప్పున 36కు 720 అవుతాయి. దాన్ని 12 వోల్టులతో గుణిస్తే 8.64 వాట్లు. అందులో ఎల్.ఇ.డి.లకు చేరేది 2.16 వాట్లే. తక్కిన 6.48 వాట్లూ వేడి. రూపాయిలో పావలా సరుకు కొని ముప్పావలా పారబోసుకున్నట్టు.

ఇప్పుడు అవే ఎల్.ఇ.డి.లను మూడేసి చొప్పున వరసగా గుచ్చితే ఒక్కో దండ 9 వోల్టులు తీసుకుంటుంది. రెసిస్టరు మీద పడేది 3 వోల్టులే. దండలో మూడింటి గుండా ప్రవహించేది అదే 20 మిల్లీ ఆంపియర్లు. ఇలాంటి దండలు 12. మొత్తం 240 మిల్లీ ఆంపియర్లు, అంటే 2.88 వాట్లు. వెలుతురు అంతే, ఖర్చు మూడో వంతు!

ఈ రకం దీపాలకు గుర్తుంచుకోవలసిన లెక్క ఇదొక్కటే. దండలోని ఎల్.ఇ.డి.ల మీద పడే వోల్టులను బ్యాటరీ వోల్టులతో భాగిస్తే సామర్థ్యం తేలుతుంది. మూడును పన్నెండుతో భాగిస్తే 25 శాతం, తొమ్మిదిని భాగిస్తే 75 శాతం. అలాగని నాలుగేసి గుచ్చితే కుదరదు. నాలుగు మూళ్లు పన్నెండు, ఇక రెసిస్టరుకు మిగిలేదేమీ ఉండదు. బ్యాటరీ కాస్త దిగగానే దీపం మసకబారుతుంది.

ఎన్ని గంటలు?

స్ప్రేయర్లకు ఎక్కువగా వచ్చే బ్యాటరీ 12 వోల్టులు, 8 ఆంపియర్ గంటలది. రెండు మూడు పంటలకు మందు కొట్టాక అందులో సగం మిగిలితే గొప్ప. ఆ 4 ఆంపియర్ గంటలను 0.72తో భాగిస్తే ఐదున్నర గంటలు. ఏడింటికి వేసిన దీపం పన్నెండున్నరకు ఆరిపోవడంలో వింతేముంది? అదే 0.24తో భాగిస్తే పదహారు గంటల పైమాటే. తెల్లవారాక కూడా బ్యాటరీలో కొంత మిగులుతుంది. పూర్తిగా దిగిపోయే దాకా వాడితే ఈ బ్యాటరీలు త్వరగా పాడవుతాయి గనుక ఆ మిగులూ మంచిదే.

షాపులో 'ఇరవై వేల మిల్లీ క్యాండెలా' అని గొప్పగా చెప్పి అమ్మే ఎల్.ఇ.డి.ల సంగతి వేరు. ఆ అంకె ఎదురుగా ఎంత సూటిగా కొడుతుందో చెబుతుంది తప్ప మొత్తం వెలుతురును కాదు. మొత్తం వెలుతురును ల్యూమెన్లలో కొలుస్తారు. 20 డిగ్రీల మేర మాత్రమే వెలుగు చిమ్మే ఇరవై వేల రకం ఇచ్చేది సుమారు 2 ల్యూమెన్లు. 60 డిగ్రీల మేర పరుచుకునే ఆరు వేల రకం సుమారు 5 ల్యూమెన్లు ఇస్తుంది. టార్చికి మొదటిది నయం. కల్లం నిండా వెలుతురు కావాలంటే రెండోదే. దీనితో 36 ఎల్.ఇ.డి.ల దీపం 180 ల్యూమెన్లు ఇస్తుంది. పాత వైరింగులో అది వాటుకు 21 ల్యూమెన్లు, కొత్త వైరింగులో 62.

ఇంట్లో బల్బుకూ ఇదే భాగహారం. పాతకాలపు 60 వాట్ల ఫిలమెంటు బల్బు 700 ల్యూమెన్ల వరకు ఇచ్చేది. 9 వాట్ల మంచి ఎల్.ఇ.డి. బల్బు 900 దాకా ఇస్తుంది. డబ్బా మీద ల్యూమెన్ల అంకె లేని బల్బును ఎంత చౌకైనా నమ్మడం కష్టం.

దీపం వైరింగు మార్చేటప్పుడు మెకానిక్‌కు చెప్పవలసినది ఒకటుంది. నిండా చార్జి అయిన బ్యాటరీ 12 కాదు, ఇంచుమించు 12.7 వోల్టులు చూపుతుంది. 12కు లెక్క కట్టి 150 ఓముల రెసిస్టరు వేస్తే అప్పుడు కరెంటు 25 మిల్లీ ఆంపియర్లకు చేరుతుంది. 180 ఓములు వేస్తే 20 దగ్గరే నిలుస్తుంది. ఎల్.ఇ.డి.లు పాతవే పనికొస్తాయి. పొడుగు కాలు ప్లస్సు వైపు. కాళ్లు కత్తిరించి ఉంటే మీటరుతో చూసుకోవాలి. 36 రెసిస్టర్లు ఉన్న చోట ఇక 12 చాలు.