1780 అని ఉంటే పాత నాణెమేనా?

ఒమన్‌లోని ఖురం నుంచి మత్రా సూక్ అనే బజారు దగ్గరే. అక్కడ వెండి నగల్లో మరియా థెరిసా రాణి బొమ్మ ఉన్న పెద్ద నాణెం కనిపిస్తుంది. 1970 వరకు ఒమన్‌లో చెలామణి అయిన ఆస్ట్రియా నాణెమిది. ఆ రాణి 1780లో చనిపోయింది. అరబ్బు వర్తకులకు నమ్మకం కుదిరిన నాణెం కాబట్టి తర్వాత కూడా అదే తేదీతో ముద్రించారు. అందుకే తేదీని చూసి వయసు చెప్పలేం.

మరి అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? ముందు బరువు చూడాలి: 28.07 గ్రాములు. అయస్కాంతానికి అంటుకుంటే వెండి కానే కాదు. అన్నిటికన్నా మంచి పరీక్ష నీళ్లది. తూకం మీద గ్లాసు నీళ్లు పెట్టి, అంకెను సున్నా చేయండి. దారంతో కట్టిన నాణేన్ని గ్లాసు అడుగుకు తగలకుండా పూర్తిగా ముంచండి. అసలుదైతే తూకం సుమారు 2.75 గ్రాములు చూపుతుంది. తేలికైన లోహంతో చేసిన నకిలీ అదే బరువుండాలంటే ఎక్కువ చోటు కావాలి, అంకె పెరుగుతుంది.

చైనా చక్రవర్తుల చివరి కాలపు డ్రాగన్ బొమ్మ ఉన్న వెండి డాలర్లకూ ఇదే పరీక్ష. 1890 నాటి గ్వాంగ్‌డాంగ్ నాణెం బరువు సుమారు 27 గ్రాములు. దానికి నకిలీలు చాలా ఎక్కువ. అందుకే అంచు గీతల్ని, డ్రాగన్ పొలుసుల్ని భూతద్దంతో చూడాలి. పోత పోసిన నకిలీలో అవి మొద్దుబారి, సన్నటి గుంటలతో కనిపిస్తాయి.