రెండు బిళ్లల నడుమ గృహస్థు

సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు దుకాణములలో డీవీడీ బిళ్లల విక్రయము ముమ్మరముగా సాగుచున్న కాలముననే, 2006లో, ప్రపంచవిపణిలో హెచ్‌డీ డీవీడీ, బ్లూ-రే యను రెండు నూతన బిళ్లలు పరస్పరస్పర్ధతో నవతరించినవి. రెండింటిని చదువునది నీలలోహిత లేజరు కిరణమే. మొదటిది పొరకు 15 గిగాబైట్లును, రెండవది 25 గిగాబైట్లును ధరించును. అయినను ఒకదాని యంత్రమున మరియొకటి యాడదు. తోషిబా యొకవైపు, సోనీ మరియొకవైపు నిలిచి చలనచిత్రసంస్థలను పంచుకొనగా, మునుపటి వీడియో క్యాసెట్టుల పోరులో వీహెచ్‌ఎస్ చేత బీటామాక్సు పరాజితమైన కథ నెరిగిన గృహస్థు ధనమును చేతబట్టుకొని వేచియుండుట యవివేక మెట్లగును?

మన యిండ్లలో నట్లు వేచియుండుటకు నింతకంటె బలమైన కారణ మొకటి యుండెను. మోజర్ బేర్ సంస్థ 2007 ప్రాంతమున తెలుగు చిత్రముల వీసీడీని 28 రూపాయలకును, డీవీడీని 34 రూపాయలకును అందించుచుండగా, పెట్టెవంటి పాత టెలివిజనుపై కానరాని స్ఫుటత్వమునకై సామాన్యుడు కొత్త యంత్రమును, కొత్త టెలివిజనును, కొత్త బిళ్లలను ఏకకాలమున కొనవలసియుండెను. అట్టి భారమును మోపి, వినియోగదారునకు నవీనతపై నాసక్తి లేదని నిందించుట యన్యాయము.

2008 జనవరిలో వార్నర్ చలనచిత్రసంస్థ బ్లూ-రే పక్షమును చేరెను. ఫిబ్రవరి 19న తోషిబా హెచ్‌డీ డీవీడీని విరమించుకొనెను. తొందరపడి కొన్నవారి యంత్రములకు కొద్ది నెలలలోనే కొత్త చిత్రముల రాక నిలిచిపోయెను. వేచినవారికి నష్టమేమియు కలుగలేదు.